కిడ్నీలో రాళ్లు మళ్లీ మళ్లీ వస్తున్నవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు?

తెల్లకాగితం:

నాకు కిడ్నీలో రాళ్లు రావడం మొదలై చాలా ఏళ్లయింది. ఒకటి పోయింది కదా అనుకునేలోపు ఇంకోటి తయారవుతుంది. కొన్ని వాటంతట అవే పడిపోయాయి, ఒకదాన్ని షాక్‌వేవ్‌తో పగలగొట్టారు, పోయినసారి మూత్రనాళంలో ఇరుక్కుపోతే లేజర్‌తో తీసి డీజే స్టెంట్ (మూత్రం ఆగకుండా కిందికి పోవడానికి లోపల ఉంచే సన్నని గొట్టం) వేశారు. స్టెంట్ ఉన్నన్నాళ్లూ మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ నడుములోకి పొడిచినట్టయ్యేది. అది తీసేశాక ఇక కొన్నాళ్లు ప్రశాంతంగా ఉండొచ్చనుకున్నాను. మొన్న అల్ట్రాసౌండ్ చేయిస్తే రెండు వైపులా మళ్లీ ఉన్నాయన్నారు, పెద్దది 4 మిల్లీమీటర్లట. "నీళ్లు బాగా తాగండి, ఆరు నెలల తర్వాత రండి" అని పంపించేశారు.

నొప్పి గురించి ఇక్కడ ఉన్నవాళ్లకి కొత్తగా చెప్పేదేం లేదు. నాకు అంతకంటే కష్టంగా ఉన్నవి నొప్పి లేని రోజులు. నడుము కాస్త పట్టేసినా అదేనేమో అని గుండె దడదడలాడుతుంది. ఎక్కడికి వెళ్లాలన్నా ముందు టాయిలెట్ ఎక్కడ, తర్వాత హాస్పిటల్ ఎక్కడ అని చూసుకుంటాను. ఆఫీసులో సెలవు అడిగితే "మళ్లీనా?" అంటారు, అందులో తప్పేం లేకపోయినా ఆ మాట వింటే ఏడుపొస్తుంది, ఎందుకంటే బయటికి నేను మామూలుగానే కనిపిస్తాను.

నీళ్లు తాగుతూనే ఉన్నాను. పాలు మానేయమని ఒకరు, టమాటా ముట్టుకోవద్దని ఇంకొకరు, రాళ్లు కరిగించే పొడి ఉందని మరొకరు. ఎవరి మాట వినాలి? ఇవి ఎందుకు ఇలా వస్తూనే ఉంటాయి? ఉన్న చిన్న రాళ్లని ఇప్పుడే తీయించేసుకుంటే మంచిదా? ఎన్నో ఏళ్లుగా దీనితో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి.

వానచినుకు:

మీరు రాసిందంతా నాకు తెలిసిన బతుకే అండీ. ముందు ఒక్కటి అడుగుతాను. ఇన్నిసార్లు రాళ్లు పడ్డాయి, తీశారు కదా, వాటిలో ఒక్కదాన్నయినా ల్యాబ్‌కి పంపి అది ఏ రకం రాయో చూశారా? 24 గంటల యూరిన్ పరీక్ష ఎప్పుడైనా చేశారా? మీరు రాసినదాన్ని బట్టి రెండూ జరిగినట్టు లేదు. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకి అసలు వైద్యం మొదలయ్యేది అక్కడే అని నేను గట్టిగా నమ్ముతాను. రాయి తీయడం ఒక పని, రాకుండా చూడడం ఇంకో పని. మొదటిది గంటలో అయిపోతుంది కాబట్టి అందరూ దాని దగ్గరే ఆగిపోతారు.

రాళ్లన్నీ ఒకటి కాదు. పది మందిలో ఎనిమిది మందికి వచ్చేవి కాల్షియం రాళ్లే, అందులోనూ కాల్షియం ఆక్సలేట్ ఎక్కువ, కాల్షియం ఫాస్ఫేట్ తక్కువ. ఇవి కాక యూరిక్ యాసిడ్ రాళ్లు, కొన్ని రకాల ఇన్ఫెక్షన్ వల్ల ఏర్పడే స్ట్రువైట్ రాళ్లు, జన్యులోపం వల్ల వచ్చే సిస్టీన్ రాళ్లు ఉన్నాయి. యూరిక్ యాసిడ్ రాయి మూత్రంలో ఆమ్లత్వం ఎక్కువైతే వస్తుంది. పొటాషియం సిట్రేట్ లాంటి మందుతో మూత్రం పీహెచ్‌ని (ఆమ్లత్వం కొలత, ఆమ్లత్వం తగ్గేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది) 6.5 దాకా తీసుకొస్తే ఉన్న రాయి కూడా కరిగిపోవచ్చు, ఆపరేషన్ అక్కర్లేకుండానే. కాల్షియం రాయి అలా కరగదు. పైగా కాల్షియం ఫాస్ఫేట్ రాయి ఉన్నవాళ్లకి పీహెచ్ మరీ పెరిగితే అది ఇంకా పెరిగే అవకాశం ఉంది. కాబట్టి రాళ్లు కరిగించే పొడి అని ఎవరైనా చేతిలో పెడితే, ఏ రాయిని కరిగిస్తుంది అని అడగండి. జవాబు ఉండదు.

ఎందుకు వస్తూనే ఉంటాయి అంటే, మీ మూత్రంలో రాయి కట్టే పదార్థాలు కరిగి ఉండగలిగినదానికంటే ఎక్కువగా ఉంటున్నాయి, లేదా కట్టకుండా ఆపే సిట్రేట్ లాంటివి తక్కువగా ఉంటున్నాయి. నీళ్లలో చక్కెర మోతాదు మించితే అడుగున మిగిలిపోతుంది చూడండి, అదే సంగతి. సర్జన్ ఆ మిగిలినదాన్ని తీసేస్తాడు, మూత్రం మాత్రం మారదు. నా 24 గంటల రిపోర్టులో కాల్షియం ఎక్కువ, సిట్రేట్ తక్కువ, సోడియం బాగా ఎక్కువ అని వచ్చింది. ఉప్పుకీ రాయికీ సంబంధం ఏంటనుకున్నాను. కిడ్నీ సోడియాన్ని బయటికి పంపేటప్పుడు దాని వెంట కాల్షియం కూడా పోతుందట. అంటే ఉప్పు తగ్గిస్తే మూత్రంలో కాల్షియం తగ్గుతుంది. నాకు ఎవరూ ఈ ముక్క చెప్పలేదు, ఆ రిపోర్టు చెప్పింది. ఉప్పు తగ్గించి, పొటాషియం సిట్రేట్ వేసుకోవడం మొదలుపెట్టాక రాళ్లు రావడం పూర్తిగా ఆగిపోలేదు కానీ బాగా అరుదైపోయింది.

నీళ్ల విషయం. ఎంత తాగుతున్నాం అన్నది కాదు లెక్క, ఎంత మూత్రం వస్తోంది అన్నది. యూరాలజీ మార్గదర్శకాలు చెప్పేది రోజుకి కనీసం 2.5 లీటర్ల మూత్రం రావాలని. ఎండలో తిరిగేవాళ్లు, చెమట ఎక్కువ పట్టేవాళ్లు మూడు లీటర్లు తాగినా అంత రాదు. ఒక రోజు ఇంట్లో ఉన్నప్పుడు కొలత గీతలున్న డబ్బాలో పట్టి చూసుకోండి, మీ అంచనాకీ వాస్తవానికీ ఎంత తేడా ఉందో తెలుస్తుంది. రాత్రి పడుకునేముందు కూడా తాగాలి, ఎందుకంటే మూత్రం బాగా చిక్కబడేది నిద్రలోనే. నిద్ర మధ్యలో లేవాల్సి వస్తుంది, అది భరించాల్సిందే.

మధ్యాహ్నం:

పైన చెప్పింది బాగుంది కానీ నాకు డాక్టరు పాలు, పెరుగు తగ్గించమనే చెప్పారు. కాల్షియం రాయి అన్నాక కాల్షియం తగ్గించకుండా ఎలా? మా ఇంట్లో నాకు, మా అన్నయ్యకి ఇద్దరికీ ఉన్నాయి. ఇద్దరం పాలు మానేసి చాలా కాలమైంది.

వానచినుకు:

మధ్యాహ్నం గారూ, వినడానికి సబబుగానే ఉంటుంది, ఒకప్పుడు డాక్టర్లందరూ అదే చెప్పేవారు కూడా. కానీ ఇటలీలో దీన్ని పరీక్షించి చూశారు, 2002లో ఫలితాలు వచ్చాయి. కాల్షియం ఆక్సలేట్ రాళ్లు మళ్లీ మళ్లీ వస్తూ, మూత్రంలో కాల్షియం ఎక్కువగా ఉన్న 120 మంది మగవాళ్లని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి కాల్షియం తక్కువ తిండి. రెండో జట్టుకి కాల్షియం మామూలుగానే ఉంచి ఉప్పు, మాంసం తగ్గించారు. ఐదేళ్లలో మొదటి జట్టులో 60 మందిలో 23 మందికి మళ్లీ రాళ్లొచ్చాయి, రెండో జట్టులో 12 మందికే.

కారణం పేగులో ఉంది. కొన్ని ఆకుకూరల్లో, గింజల్లో ఉండే ఆక్సలేట్ అనే పదార్థాన్ని మనం తిన్నప్పుడు, దాన్ని కాల్షియం పేగులోనే పట్టేసి మలంలో పంపేస్తుంది. కాల్షియం లేకపోతే ఆ ఆక్సలేట్ ఖాళీగా రక్తంలోకి, అక్కణ్నుంచి కిడ్నీలోకి చేరుతుంది. అందుకే పాలు, పెరుగు భోజనంతోపాటు తీసుకోవడం మంచిది. పైగా కాల్షియం మానేస్తే ఎముకలు బలహీనపడతాయి, రాళ్లొచ్చే వాళ్లలో ఎముకలు పలచబడే సమస్య అసలే ఎక్కువ. మీ డాక్టరు ఏ కారణంతో చెప్పారో నాకు తెలియదు, మీకు వేరే సమస్య ఉండొచ్చు, అందుకే ఈ మాట ఆయన్నే నేరుగా అడగండి. మాత్రల రూపంలో కాల్షియం వేరే సంగతి, వేసుకోవాల్సి వస్తే ఖాళీ కడుపుతో కాకుండా తిండితోనే వేసుకోమంటారు.

టమాటా మీద నింద కూడా అన్యాయమే, అందులో ఆక్సలేట్ తక్కువ. పాలకూరలో మాత్రం నిజంగానే చాలా ఎక్కువ, బాదంలో కూడా. విటమిన్ సీ మాత్రలు, రోజుకి 1000 మిల్లీగ్రాములవి, బలానికని వేసుకుంటుంటే ఆపేయండి, శరీరం దానిలో కొంత భాగాన్ని ఆక్సలేట్‌గా మారుస్తుంది.

గడపదగ్గర:

నేను పేషెంట్‌ని కాదు, మా ఆయనకి ఉన్నాయి, కాబట్టి పక్కన ఉండేవాళ్ల వైపు నుంచి రాస్తున్నాను.

తెల్లకాగితం గారూ, మీ భయం గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకే రాస్తున్నా. నొప్పి లేచినప్పుడు మా ఆయన కూర్చోలేరు, పడుకోలేరు, గోడ పట్టుకుని ఇటూ అటూ నడుస్తూనే ఉంటారు, ఎలా తిరిగినా ఉపశమనం ఉండదు, మధ్యలో వాంతులు. మొదట్లో నేను పక్కన నిలబడి "నీళ్లు తాగు, తాగు" అని బలవంతపెట్టేదాన్ని. తర్వాత డాక్టరు చెప్పారు, నొప్పి మధ్యలో లీటర్ల కొద్దీ నీళ్లు తాగితే రాయి తోసుకుని బయటికి రాదని, దాహం వేసినంత తాగితే చాలని. ఆ సమయంలో పనిచేసేది నొప్పి మందు. డైక్లోఫెనాక్ లాంటివి మత్తు ఇంజెక్షన్ల కంటే బాగా పనిచేస్తాయని, మూత్రనాళం బిగుసుకుపోవడాన్ని, కిడ్నీలో పెరిగే ఒత్తిడిని కూడా తగ్గిస్తాయని చెప్పారు. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లు, కడుపులో పుండ్లు ఉన్నవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు మాత్రం వాటిని సొంతంగా వేసుకోకూడదు. అందుకని నొప్పి లేనప్పుడే వెళ్లి, ఏది వేసుకోవాలి, ఎంత, ఎప్పుడు హాస్పిటల్‌కి రావాలి అని మాకోసం ఒక కాగితం మీద రాయించుకున్నాం. ఆ కాగితం, మందులు, చివరి స్కాన్ రిపోర్టు ఒక సంచిలో ఉంటాయి, ఎక్కడికెళ్లినా ఆ సంచి వెంట ఉంటుంది. అది ఉన్నప్పట్నుంచి ఇద్దరికీ టెన్షన్ సగం తగ్గింది. నొప్పి వస్తుందా రాదా అన్నది మన చేతుల్లో లేదు, వస్తే ఏం చేయాలో తెలిసి ఉండడం మన చేతుల్లో ఉంది.

ఒక్క విషయం మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. నొప్పితోపాటు జ్వరం గానీ చలి వణుకు గానీ వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. రాయి అడ్డుపడి వెనక ఆగిపోయిన మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరితే అది గంటల్లో ప్రాణాల మీదికి వస్తుంది. అప్పుడు ముందు స్టెంట్ గానీ వీపు నుంచి గొట్టం గానీ వేసి మూత్రాన్ని బయటికి తీస్తారు, రాయి సంగతి తర్వాత. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, వాంతులతో మందు కూడా నిలవకపోయినా, ఒక్క కిడ్నీయే ఉన్నవాళ్లయినా, గర్భిణి అయినా అంతే, వెంటనే వెళ్లాలి.

స్టెంట్ వేయించుకున్నవాళ్లు అది తీయించుకోవాల్సిన తేదీని ఇంట్లో ఇద్దరు ముగ్గురి ఫోన్లలో పెట్టుకోండి. బాధ తగ్గాక మరిచిపోయేవాళ్లున్నారు, నెలల తరబడి వదిలేస్తే దాని మీదే రాయి పేరుకుపోయి తీయడం పెద్ద పని అవుతుంది.

ఆఫీసులో "మళ్లీనా?" అనేవాళ్ల గురించి. మళ్లీ మళ్లీ రావడం ఈ జబ్బు తీరే. ఒకసారి రాయి వచ్చినవాళ్లలో, జాగ్రత్తలేవీ తీసుకోకపోతే, దాదాపు సగం మందికి పదేళ్లలోపు మళ్లీ వస్తుందట. మీరేదో తప్పు చేస్తే వచ్చింది కాదు. మా ఆయన మేనేజర్‌కి డాక్టరు చేత ఒక లెటర్ రాయించి ఇచ్చారు, ఇది దీర్ఘకాలిక సమస్య, చెప్పాపెట్టకుండా వస్తుంది అని. ఆ తర్వాత ఆ మాట వినపడలేదు.

ఏటిగట్టు:

ఒక చిన్న విషయం చేరుస్తాను, ఎందుకంటే మా అమ్మ విషయంలో అది చాలా ఆలస్యంగా బయటపడింది. అమ్మకి ఏళ్ల తరబడి రాళ్లు. రక్తంలో కాల్షియం కాస్త ఎక్కువగా ఉందని రిపోర్టుల్లో ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఒక డాక్టరమ్మ పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) రక్త పరీక్ష రాశారు. మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథుల్లో ఒకదానికి చిన్న గడ్డ, అది హార్మోన్ ఎక్కువగా వదులుతూ ఎముకల్లోంచి కాల్షియాన్ని లాగుతోంది. ఆ గ్రంథిని తీసేశాక కొత్త రాళ్లు రాలేదు. అందరికీ ఇదే కారణమని కాదు, తక్కువమందికే ఉంటుంది. కానీ మీ పాత రక్త పరీక్షలు తీసి కాల్షియం ఎంతుందో ఒక్కసారి చూడండి, ఎక్కువ ఉంటే పీటీహెచ్ అడగండి.

చిన్న రాళ్ల గురించి అడిగారు. కిడ్నీలో కదలకుండా, అడ్డం పడకుండా, నొప్పి లేకుండా ఉన్న చిన్న రాళ్లని చాలామందికి తీయరు, స్కాన్ చేసి గమనిస్తూ ఉంటారు. 5 మిల్లీమీటర్లలోపు రాయి కిందికి దిగినా ఎక్కువమందికి దానంతటదే పడిపోతుంది. మూత్రనాళం కింది భాగంలో 5 నుంచి 10 మిల్లీమీటర్ల రాయి ఉంటే టామ్సులోసిన్ ఇస్తారు, దారి వదులై బయటికి రావడానికి. మీకు ఇన్ఫెక్షన్ వస్తున్నా, రాయి పెరుగుతున్నా లెక్క వేరు. స్కాన్ రిపోర్టులన్నీ వరసగా పెట్టుకుని సైజు ఎలా మారుతోందో మీరే చూసుకోండి.

మధ్యాహ్నం:

వానచినుకు గారూ, పాల గురించి మా డాక్టర్ని అడుగుతాను, థ్యాంక్స్. ఇంకో డౌట్. నాకు హైడ్రోక్లోరోథయజైడ్ రాశారు, మూత్రంలో కాల్షియం తగ్గుతుందని. అది పనిచేయదని ఎక్కడో చదివాను.

వానచినుకు:

మీరు చదివింది స్విట్జర్లాండ్ అధ్యయనం గురించి అయి ఉంటుంది, 2023లో వచ్చింది. రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చే 416 మందిని నాలుగు జట్లు చేసి, మూడు జట్లకి ఆ మందు మూడు మోతాదుల్లో, ఇంకో జట్టుకి ఉత్త మాత్ర ఇచ్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. దాని మీద వాదనలున్నాయి, అందులో ఉన్నవాళ్లు ఉప్పు తగ్గించలేదని, ఆ రకం మందుల్లో ఎక్కువసేపు పనిచేసేవి వేరే ఉన్నాయని. మీరైతే మీ అంతట మీరు ఆపేయకండి. వేసుకుంటున్నప్పుడు మళ్లీ 24 గంటల యూరిన్ చేయించి కాల్షియం తగ్గిందో లేదో చూడమనండి. పొటాషియం కూడా చూడాలి, ఆ మందుతో అది పడిపోతుంది.

తెల్లకాగితం:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. ఇన్నేళ్లలో నాతో ఎవరూ ఇంతసేపు దీని గురించి మాట్లాడలేదు. ఉప్పు సంగతి, సంచి సంగతి రెండూ ఈరోజే మొదలుపెడతాను. 24 గంటల యూరిన్ ఎలా పట్టాలి, ఎవరైనా వివరంగా చెప్తారా? ఇంకోటి, చాలా కాలం కింద పడిపోయిన రాయి ఒకటి నా దగ్గర చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. ముదురు గోధుమరంగులో, చుట్టూ ముళ్లతో, గోటితో తాకితే గరుకుగా ఉంటుంది. ఎందుకో పారేయబుద్ధి కాలేదు. అది పరీక్షకి పనికొస్తుందా?

కొలతపాత్ర:

ల్యాబ్‌లో పనిచేస్తాను, ఈ రెండూ నేను చెప్తాను.

పొద్దున లేవగానే మొదటిసారి వచ్చే మూత్రాన్ని పట్టకండి, ఆ టైమ్ మాత్రం రాసుకోండి. అక్కణ్నుంచి పగలూ రాత్రీ వచ్చే ప్రతి చుక్కా డబ్బాలోకి వెళ్లాలి, మర్నాడు అదే టైమ్‌కి వచ్చే మొదటి మూత్రంతో సహా. మధ్యలో ఒక్కసారి వదిలేసినా లెక్క తప్పుతుంది. మేం క్రియాటినిన్ (కండరాల నుంచి రోజూ దాదాపు ఒకే మోతాదులో మూత్రంలోకి వచ్చే పదార్థం) కూడా కొలుస్తాం, అది మరీ తక్కువ వస్తే సరిగ్గా పట్టలేదని అర్థమైపోతుంది. డబ్బాలో ముందే కొంచెం ద్రవం పోసి ఇస్తే అది యాసిడ్ కావచ్చు, పారబోయకండి, నేరుగా అందులోకి పోయకండి, వేరే గిన్నెలో పట్టి జాగ్రత్తగా పోయండి. ఆ రోజు పరీక్ష అని లీటర్ల కొద్దీ నీళ్లు తాగేసి, పత్యం చేసి రావద్దు, రోజూ ఎలా తింటారో అలాగే తినండి, లేకపోతే ఆ రిపోర్టు మీది కాదు. నొప్పి వచ్చి తగ్గాక గానీ, రాయి తీశాక గానీ నెల, నెలన్నర ఆగి చేయించడం మంచిది. వీలైతే రెండుసార్లు చేయించండి, ఒక్కసారి వచ్చిన అంకెల్ని నమ్మలేం.

రాయి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఎన్నేళ్లయినా పొడిగా ఉంటే చాలు. టేపుతో కాగితానికి అంటించకండి, ఆ జిగురు రిపోర్టులో కనిపిస్తుంది. ఏ ద్రవంలోనూ వేయొద్దు, అదే డబ్బాలో అలాగే తీసుకెళ్లి "స్టోన్ అనాలిసిస్" అని రాయించండి. పాత రాయి ఒక రకం, ఇప్పుడున్నవి ఇంకో రకం అయ్యే అవకాశం కూడా ఉంది, అందుకని ఇకమీదట నొప్పి లేచినప్పుడల్లా జల్లెడలోంచే మూత్రం పోయండి, కొత్తది దొరికితే దాన్నీ పంపండి.